ఊపిరికి ఎవరి కొలత?



తెలుగు పాఠం చెప్పుకునేదానికి ఊపిరితిత్తుల లెక్కలతో ఏం పని అని ఒక సహోద్యోగి అడిగారు. పని ఉంది. మన వాడల్లో దగ్గు లేని ఇల్లు తక్కువ. క్వారీ, క్రషర్, పలకల ఫ్యాక్టరీ, సిమెంటు గోడౌన్, డ్రైనేజీ... ఏ పనికి పోయినా ముందు పోయేది ఊపిరి. ఆ ఊపిరి ఎంత పోయిందో చెప్పేది ఒక యంత్రం. ఆ యంత్రం లోపల ఒక గణిత సమీకరణం ఉంది. ఆ సమీకరణం లోపల జాతి ఉంది. ఈ మాట నేను కవిత్వం కోసం అనడం లేదు. నిజంగానే ఆ సమీకరణంలో జాతి ఒక పదంగా ఉంది.

కొంచెం ఓపిగ్గా చదవండి. లెక్కలంటే భయపడేవాళ్ళు కూడా చదవండి. నేను కూడా ఇంటర్లో లెక్కలు వదిలేసి వచ్చినదాన్నే. మన గురించి లెక్కలు వేస్తున్నప్పుడు ఆ లెక్క ఎట్లా వేస్తున్నారో తెలుసుకునే హక్కు మనకుంది.

స్పైరోమీటర్ అని ఒక పరికరం. ముక్కుకు క్లిప్పు పెడతారు. ఛాతీ నిండా గాలి పీల్చుకోమంటారు. గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఒక్కసారిగా, బలంగా, ఇక గాలి లేదనిపించేదాకా ఊదమంటారు. మొత్తం ఎన్ని లీటర్ల గాలి బయటికొచ్చిందో అది ఎఫ్‌వీసీ. మొదటి ఒక్క సెకనులో ఎంత వచ్చిందో అది ఎఫ్‌ఈవీ1. ఇంతవరకూ గొడవ లేదు. లీటరు అంటే లీటరే. మా నాయన ఊదినా కలెక్టరు ఊదినా లీటరు మారదు.

గొడవంతా ఆ తర్వాతే మొదలవుతుంది. 2.6 లీటర్లు వచ్చింది. అది ఎక్కువా, తక్కువా? దేంతో పోల్చి చెప్పాలి? ఇక్కడే కంప్యూటర్ ప్రవేశిస్తుంది. వయసు, ఎత్తు, ఆడా మగా అడుగుతుంది. దాని దగ్గర ఉన్న సమీకరణంలో అవి వేసి, నీలాంటి ఆరోగ్యవంతుడు ఇన్ని లీటర్లు ఊదాలి అని ఒక అంకె తీస్తుంది. నువ్వు ఊదిన దాన్ని ఆ అంకెతో భాగించి శాతం చెబుతుంది.

అన్నిటికంటే పెద్ద మాట ఆ 'నీలాంటి' అన్నదే. ఎవరు నాలాంటివాళ్ళు? ఎవరు తేల్చారు?

మా నాయన 22 ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో చేశాడు. మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరం మీలో చాలామంది ఉంటారు. ఆ పలక కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనిపించేంత పెద్ద రేణువులైతే ముక్కు, గొంతు చాలావరకు ఆపేస్తాయి. కనిపించనంత సన్నటివి తిన్నగా ఊపిరితిత్తుల అడుగుకు పోతాయి. ఒంట్లో ఉన్న రక్షణ కణాలు వాటిని మింగబోయి చచ్చిపోతాయి. ఆ చోట మచ్చ గడుతుంది. మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. పోయింది తిరిగి తెచ్చే మందు లేదు. పైగా టీబీ వచ్చే ప్రమాదం ఎక్కువ. రెండిటికీ దగ్గే కాబట్టి చాలామందికి టీబీ మందులు మింగించి ఊరుకుంటారు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే కార్మికుల మీద చేసిన అధ్యయనం 1985లో అచ్చయింది. పరీక్షించిన 593 మందిలో సగానికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకా బలపాల వెనక ఈ ఊపిరితిత్తులున్నాయి.

నాయనకు రెండు చోట్ల స్పైరోమెట్రీ చేయించాం. రెండు నెలల తేడా. రెండు చోట్లా ఆయన ఊదింది 2.6 లీటర్లే. మొదటి ఆసుపత్రి కాగితంలో ఊదాల్సింది 3.6 లీటర్లు అని ఉంది. అంటే 72 శాతం. రెండో ఆసుపత్రి కాగితంలో ఊదాల్సింది 3.24 లీటర్లు. అంటే 80 శాతం. మొదటిది 'తక్కువ' అంది. రెండోది 'నార్మల్' అంది.

ఇంటికొచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటిదాని అడుగున జాతి దగ్గర 'కాకేసియన్' అని ఉంది. రెండోదానిలో అదే అంకెను 0.9తో గుణించారు. భారతీయుడు కదా, పది శాతం తగ్గించుకోవాలట. యంత్రంలో ముందే పెట్టి ఉన్న సెట్టింగు అది. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. మా నాయన రెండు కాగితాలూ చూసి ఒక్క మాటన్నాడు. "ఊపిరి అదే గదమ్మా. కాయితం మారింది."

యూనియన్ అన్నకు చూపిస్తే తల పట్టుకున్నాడు. "రెండోది ఫైల్లో పెట్టబాక చెల్లే. 80 చూసి ఓనరు తరఫు వకీలు ఎగిరి గంతేస్తాడు" అన్నాడు. సిలికోసిస్ మన చట్టంలో ఉన్న జబ్బే. 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టంలో వృత్తి వ్యాధుల షెడ్యూలులో ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో తెలియజేసి తీరాల్సిన వ్యాధుల జాబితాలో ఉండేది. 2019లో రాజస్థాన్ దీని కోసమే ఒక విధానం తెచ్చింది. జబ్బు ఉందని ఎక్స్‌రే చెబుతుంది. ఆ జబ్బు మనిషి శక్తిని ఎంత తినేసిందని అడిగినప్పుడు ఈ శాతమే ముందుకొస్తుంది. 72కూ 80కీ మధ్య ఎనిమిది అంకెలున్నాయి. ఆ ఎనిమిది అంకెల్లో ఒక ఇంటి బతుకుంది.

ఇప్పుడు ఈ 'పది శాతం తగ్గింపు' ఎక్కడ పుట్టిందో చూద్దాం.

జాన్ హచిన్సన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1846లో తన స్పైరోమీటర్ గురించి పెద్ద పత్రం అచ్చువేశాడు. రెండు వేల మందికి పైగా ఊదించి, ఎత్తు పెరిగేకొద్దీ ఊపిరి సామర్థ్యం పెరుగుతుందని చూపించాడు. అది అసలైన శాస్త్రమే. ఆ యంత్రం అమెరికా చేరేసరికి దానికి వేరే పని పడింది. నల్లవాళ్ళ ఊపిరితిత్తులు వేరుగా ఉంటాయేమో అనే మాట థామస్ జెఫర్సన్ 1780లలోనే తన వర్జీనియా పుస్తకంలో రాశాడు. శామ్యూల్ కార్ట్‌రైట్ అనే దక్షిణాది వైద్యుడు 1851లో దానికి అంకె తొడిగాడు. నల్లవాళ్ళ ఊపిరి సామర్థ్యం 20 శాతం తక్కువ అన్నాడు. అంతటితో ఆగలేదు. తెల్లవాడి అదుపులో కష్టం చేయిస్తేనే వాళ్ళ రక్తం బాగుపడుతుంది, స్వేచ్ఛ ఇస్తే చెడుతుంది అన్నాడు. బానిసలు పారిపోవడం కూడా ఒక జబ్బే అని దానికి పేరు పెట్టిన పెద్దమనిషి ఈయనే. బానిసత్వానికి వైద్యం సర్టిఫికెట్ ఇచ్చిందన్నమాట.

అంతర్యుద్ధం తర్వాత బెంజమిన్ గూల్డ్ 1869లో సైనికుల కొలతలతో పెద్ద గ్రంథం వేశాడు. నల్ల సైనికులకు అంకె తక్కువొచ్చింది. నిన్నటిదాకా గొలుసుల్లో ఉన్న మనిషి తిండేమిటి, ఇల్లేమిటి, చిన్నప్పుడు ఏ పొగలో పెరిగాడు అన్నవి లెక్కలోకి రాలేదు. తేడాకు కారణం చరిత్రలో వెతకాల్సింది పోయి చర్మంలో వెతికారు. లండీ బ్రౌన్ అనే పరిశోధకురాలు 2014లో 'బ్రీతింగ్ రేస్ ఇంటూ ద మెషీన్' అనే పుస్తకంలో ఈ దారినంతా తవ్వి చూపించింది. దొరికితే చదవండి. 1999లో బాల్టిమోర్‌లో ఆస్‌బెస్టాస్ కేసులు నడుస్తున్నప్పుడు ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ కోర్టులో వాదించింది కూడా ఇదే దారిలో. నల్ల కార్మికుల ఊపిరి పుట్టుకతోనే తక్కువ కాబట్టి, పరిహారం కావాలంటే వాళ్ళు తెల్లవాళ్ళకన్నా ఎక్కువ జబ్బుపడి ఉండాలట. కార్ట్‌రైట్‌కూ ఈ వాదనకూ మధ్య దాదాపు 150 ఏళ్ళు. అంకె మాత్రం ఆరోగ్యంగా బతికే ఉంది.

పాత కథ అనుకోవద్దు. ఆధునిక గణితం ఏం చేసిందో చూడండి. 2012లో గ్లోబల్ లంగ్ ఇనిషియేటివ్ అనే అంతర్జాతీయ బృందం కొత్త సమీకరణాలు తెచ్చింది. నిజంగా పెద్ద పని. పొగతాగని 74,187 మంది ఆరోగ్యవంతుల కొలతలు. వయసు 3 నుంచి 95 ఏళ్ళ దాకా. ఇందులో వాడిన గణితాన్ని టిమ్ కోల్ అనే శాస్త్రవేత్త పిల్లల ఎదుగుదల చార్టుల కోసం తయారుచేశాడు. ఒక్క సగటు గీతతో ఆగకుండా, ప్రతి వయసు దగ్గరా మధ్య విలువ ఎంత, మనుషులు దాని చుట్టూ ఎంత చెల్లాచెదురుగా ఉన్నారు, ఆ చెదురు ఎటువైపు వాలి ఉంది అని మూడు వక్రరేఖలు గీస్తారు. దానివల్ల నువ్వు నీ వయసువాళ్ళ గుంపులో ఎక్కడ నిలబడ్డావో 'జెడ్ స్కోర్' అనే అంకెతో చెప్పొచ్చు. మైనస్ 1.64 కన్నా కింద ఉంటే, ఆరోగ్యవంతులు వందలో అయిదుగురే అక్కడుంటారు కాబట్టి, అనుమానించాలి. 80 శాతం అనే పాత గీతకన్నా ఇది న్యాయమైనది. వయసు మీదపడ్డవాళ్ళను ఊరికే రోగులనదు. మన ఆఫీసుల్లో ఇంకా ఆ 80 గీతే నడుస్తోంది, అది వేరే సంగతి.

కానీ ఆ సమీకరణంలో ఎత్తు ఒక పదం, వయసు ఒక పదం, జాతి ఒక పదం. ఆఫ్రికన్ అమెరికన్ అయితే 1, కాకపోతే 0. ఈశాన్య ఆసియా అయితే 1, కాకపోతే 0. ఆగ్నేయ ఆసియా అయితే 1, కాకపోతే 0. వీళ్ళెవరూ కాకపోతే 'అదర్' దగ్గర 1. తెల్లవాళ్ళకు అన్ని చోట్లా సున్నాలే. వాళ్ళకు ఏ సవరణా అక్కర్లేదు. వాళ్ళు మనుషులు, మిగతావాళ్ళు సవరణలు. ఎవరో కావాలని చేసిన కుట్ర కాదిది. ఆ 74,187 మందిలో 57,395 మంది తెల్లవాళ్ళే అయినప్పుడు సున్నా ఎవరి దగ్గర నిలబడుతుందో వేరే చెప్పాలా?

మనమెక్కడ ఉన్నాం అందులో? లేం. భారత ఉపఖండానికి ఆ సమీకరణంలో సొంత పదమే లేదు. ఇక్కడినుంచి ఇంకా డేటా కావాలని ఆ పత్రమే రాసుకుంది. మన దేశంలో ఢిల్లీ, ముంబై, చెన్నై లాంటి చోట్ల వేర్వేరు పరిశోధకులు చేసిన సమీకరణాలున్నాయి. కానీ ఏ ఆసుపత్రి యంత్రంలో ఏది పెట్టి ఉందో పేషెంటుకు ఎవరూ చెప్పరు. కోటానుకోట్ల మనుషులు ఒకచోట 'అదర్', ఇంకోచోట 'కాకేసియన్ ఇంటూ 0.9'.

ఇక్కడ తెలుగు పాఠం చెప్పేదానిగా నాకు పట్టిన విషయం చెబుతాను. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాశాడు. కవుల ప్రయోగాలు ప్రమాణం, మిగతాది గ్రామ్యం. తర్వాత గిడుగు రామమూర్తి వచ్చి వ్యావహారికం కోసం పెద్ద పోరాటమే చేశారు. ఆ పోరాటం వల్లే నేనిట్లా రాయగలుగుతున్నాను, కాదనను. కానీ గెలిచింది 'శిష్ట' వ్యావహారికం. శిష్టులు ఎవరు? మా పల్లెలో నాయన మాట్లాడేది అందులో లేదు. ఎవరి నోటిని కొలబద్దగా తీసుకున్నారో వాళ్ళది భాష అయింది, మిగతాది యాస అయింది. స్పైరోమీటర్ వాళ్ళు 'రిఫరెన్స్ పాపులేషన్' అనేదీ ఇదే. మా నాయన మాట గ్రామ్యం. మా నాయన ఊపిరి అదర్.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకొద్దాం. ఊపిరి సామర్థ్యంలో సమూహాల మధ్య సగటు తేడా అసలు లేదా? కొలిస్తే కనిపిస్తోంది. కొంత కాళ్ళకూ మొండేనికీ ఉన్న నిష్పత్తి వల్ల. ఒకే ఎత్తున్న ఇద్దరిలో కాళ్ళు పొడుగైనవాడి ఛాతీ చిన్నది. మిగతాది? పుట్టినప్పటి బరువు, చిన్నప్పటి తిండి, కట్టెల పొయ్యి పొగ, తిరగబెట్టిన జబ్బులు. ఊపిరితిత్తులు ఇరవైల్లోకి వచ్చేదాకా పెరుగుతాయి. ఆ పెరిగే వయసులో కడుపు మాడితే ఊపిరీ మాడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం (2019–21) మన ఎస్సీ పిల్లల్లో సుమారు 39 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇతర కులాల పిల్లల్లో అది 30 దాకా ఉంది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ సగటు తీసి, 'వీళ్ళకు ఇదే నార్మల్' అంటే ఏం చేసినట్టు? ఆకలిని ప్రకృతి ఖాతాలో వేసినట్టు. సగటుగా ఉన్నది వేరు, ఉండాల్సింది వేరు. ఆ రెండిటినీ కలిపేయడమే అసలు మోసం. కులం చేసేదీ ఇదే పని. చేయించింది చేయించి, చివరికి 'వాళ్ళ స్వభావమే అంత' అంటుంది.

మరి జాతి పదాన్ని తీసేస్తే సరిపోతుందా? తీశారు కూడా. అదే డేటాలో ఒక్కో సమూహానికి సమాన బరువు ఇచ్చి, జాతి అడగని కొత్త సమీకరణాన్ని 2023లో ప్రచురించారు. ఆ ఏడాదే అమెరికన్ థొరాసిక్ సొసైటీ దాన్ని వాడమంది. 2024లో ఒక పెద్ద అధ్యయనం లెక్కవేసింది. ఈ మార్పుతో అమెరికాలో సుమారు 1 కోటి 25 లక్షల మంది ఊపిరితిత్తుల లోపం వర్గీకరణ మారవచ్చు. నల్లజాతి మాజీ సైనికుల పరిహారం ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా పెరగవచ్చు. తెల్లవాళ్ళది 50 కోట్లు తగ్గవచ్చు. చూశారా, ఒక్క పదం తీస్తే ఎంత డబ్బు కదిలిందో!

కానీ అదే అధ్యయనం ఇంకో వైపు కూడా చూపించింది. ఊపిరి శాతం తగ్గితే కొన్ని ఉద్యోగాలకు అర్హత పోతుంది. ఇది మనకు బాగా తెలిసిన ఉచ్చు. పరిహారం అడిగే రోజు 'నువ్వు బాగానే ఉన్నావు' అంటారు. పనిలో చేరే రోజు అదే కాగితం తిప్పి 'నువ్వు పనికిరావు' అంటారు. అంకె పైకెళ్ళినా కిందికొచ్చినా నష్టపోయేది ఒక్కడే అయినప్పుడు, తప్పు సమీకరణం ఒక్కదానిలోనే లేదు. సమీకరణం ఎవరి చేతిలో ఉందన్నదీ చూడాలి. ఇంకోటి. కొత్త సమీకరణం కూడా ఆ పాత డేటాకే బరువులు మార్చి చేసింది. అందులో మనం అప్పుడూ లేం, ఇప్పుడూ లేం.

అట్లాగని యంత్రాన్ని పగలగొడదామా? వద్దు. ఈ విషయంలో మనకు బాబాసాహెబ్ దారి చూపించారు. రిస్లీ దొర ముక్కుల వెడల్పు కొలిచి కులానికి జాతిని అంటగట్టాడు. ముక్కు ఎంత సన్నగా ఉంటే కులం అంత పైన అన్నాడు. 1948లో 'అన్‌టచబుల్స్' గ్రంథంలో అంబేద్కర్ ఆ ముక్కు కొలతల్నే ముందేసుకుని కూర్చున్నారు. ఒకే ప్రాంతంలో బ్రాహ్మణుడి కొలతా అంటరానివాడి కొలతా పక్కపక్కన పెట్టి చూపించారు. ఇద్దరిదీ ఒకే జాతి అని వాళ్ళ అంకెలతోనే తేల్చారు. అంటరానితనానికి పునాది జాతి కాదని నిరూపించారు. కొలతను తిట్టుకుంటూ కూర్చోలేదు, ఎదురు ప్రశ్నలు వేశారు. మనం నేర్చుకోవాల్సింది అదే.

కాబట్టి క్యాంపులు పెట్టే కార్యకర్తలకు నాలుగు మాటలు. ఒకటి, శాతం ఒక్కటే రాసుకోవద్దు. ఎఫ్‌వీసీ, ఎఫ్‌ఈవీ1 లీటర్లలో రాసుకోండి. సమీకరణాలు మారతాయి, లీటర్లు మారవు. రెండు, కాగితం మీద ఏ సమీకరణం వాడారో, జాతి దగ్గర ఏముందో, గుణకం ఏమైనా వేశారో చూడండి. లేకపోతే అడిగి రాయించుకోండి. మూడు, జెడ్ స్కోర్ అడగండి. నాలుగు, అదే మనిషికి ఏడాదేడాది పరీక్ష చేయించి కాగితాలు దాచండి. ఎవరితోనూ పోల్చకుండా, తన నిన్నటి ఊపిరితోనే తన నేటి ఊపిరిని పోల్చినప్పుడు ఏ జాతి గుణకమూ అడ్డురాదు. పనిలో చేరిన రోజే మొదటి పరీక్ష చేసి ఆ కాగితం కార్మికుడి చేతికివ్వాలని డిమాండ్ చేయండి. అది దొరికితే సగం కేసు గెలిచినట్టే.

ఇక విద్యార్థులకు. స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్, ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు ఇది చదువుతున్నారని నాకు తెలుసు. మీ క్యాంపస్‌లో మీ కులం గురించి చర్చ హాస్టల్లోనూ స్కాలర్‌షిప్ దగ్గరే ఆగిపోతోంది. దాన్ని మీ సబ్జెక్టు లోపలికి తీసుకెళ్ళండి. తెలుగు నేల మీద ఆరోగ్యవంతుల ఊపిరి కొలవాలంటే ఎవరిని కొలవాలి? హాస్టల్ పిల్లల్నా, ఆసుపత్రి సిబ్బందినా, క్వారీ పక్క పల్లెనా? తిండి సరిపడా దొరికితే మన పిల్లల ఊపిరి ఎంతదాకా పెరుగుతుంది? ఇవి పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్నలు. మన బాధ మీద కవితలు చాలా వచ్చాయి, ఇంకా రావాలి. దాంతోపాటు మన ఊపిరి మీద సమీకరణం రాసే చెయ్యి కూడా మన పల్లెల్లోంచి రావాలి. ఆ చెయ్యి రాసే సమీకరణంలో సున్నా ఎవరి దగ్గర పెట్టాలో అది ఆలోచించి పెడుతుంది.

వచ్చే వారం, వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌కూ చర్మం రంగుకూ ఉన్న సంబంధం గురించి రాస్తాను. కోవిడ్ రోజుల్లో మనమంతా నమ్ముకున్న యంత్రమే అది.

జై భీమ్.